బాయిలర్ పనికి ఏ స్కూలు? రణస్థలం కుర్రాడి కేసు పూర్తిగా

ముందు కేసు వివరాలు. కుర్రాడికి అప్పుడు పదిహేడేళ్లు, శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గర పల్లె. పదో తరగతి పాసై ఇంటర్ ఎంపీసీలో చేరాడు, మొదటి ఏడాదే లెక్కల దగ్గర ఆగిపోయి ఇంట్లో కూర్చున్నాడు. తండ్రి ఖలాసీ, అంటే చైన్ బ్లాకులు, వించ్‌లు, వైర్ రోపులతో బరువులు లేపే మనిషి, షట్‌డౌన్ (ప్లాంటు ఆపి చేసే రిపేర్లు) ఎక్కడుంటే అక్కడికి వెళ్లేవాడు. మోకాలు పాడై ఎత్తులు ఎక్కలేని స్థితికి వచ్చాడు. 2022 వేసవిలో నాకు ఫోన్ చేసి, "అన్నా, మా గుంటడికి బాయిలర్ పని నేర్పించాల, బేగి సంపాదనలో పడాల, ఏ ఇన్‌స్టిట్యూట్ మంచిదో చెప్పు" అన్నాడు.

నేను థర్మల్ స్టేషన్లలో ఎరెక్షన్, ఓవర్‌హాల్ పనుల్లో ప్రెషర్ పార్ట్స్ (ఆవిరి, నీటి ఒత్తిడి మోసే ట్యూబులు, పైపులు) ఫోర్‌మన్‌ని. వెల్డర్లకు టెస్టులు పెట్టించడం, ఎక్స్‌రేలో రిపేరు వచ్చిన జాయింట్లు కోయించి మళ్లీ వేయించడం నా రోజువారీ పని. ఏ స్కూల్లో నేర్చుకున్నవాడు టెస్ట్ స్టాండు దగ్గర ఎలా నిలబడతాడో చూస్తూనే ఉంటాను కాబట్టి ఇలాంటి ఫోన్లు నాకు చాలానే వస్తాయి. ఈ ఒక్క కేసే ఎందుకు రాస్తున్నానంటే, స్కూలు ఎంపిక దగ్గర్నుంచి ఐబీఆర్ టెస్టు (బాయిలర్ వెల్డర్‌కి ప్రభుత్వం పెట్టే పరీక్ష) దాకా దగ్గరుండి చూసింది దీన్నే.

మొదట సరిచేయాల్సింది ఆయన అడిగిన ప్రశ్ననే. బయటి దేశాల్లో బాయిలర్‌మేకర్ అనేది విడిగా ఒక ట్రేడు. అమెరికాలో వాళ్ల యూనియన్ 1880 నుంచీ ఉంది, అప్రెంటిస్‌షిప్ నాలుగేళ్లు, ప్లేటు మీద గీత గీయడం నుంచి రిగ్గింగ్, వెల్డింగ్ దాకా అన్నీ అందులోనే నేర్పిస్తారు. కెనడాలో రెడ్ సీల్ (దేశమంతా చెల్లే అర్హత) ట్రేడుల్లో అది ఒకటి. మన ఐటీఐ ట్రేడుల జాబితాలో ఆ పేరు వెతికితే దొరకదు. మన సైట్లో ఆ పనిని నలుగురైదుగురు పంచుకుంటారు: ఫ్యాబ్రికేటర్ ప్లేటు మార్క్ చేసి కోస్తాడు, ఫిట్టర్ ట్యూబులకి బెవెల్ చేసి (అంచు వాలుగా చెక్కి) గ్యాప్ పెట్టి లైన్లోకి తెస్తాడు, ఖలాసీ ప్యానెల్ లేపి పట్టి ఉంచుతాడు, హెచ్‌పీ (హై ప్రెషర్) వెల్డర్ జాయింట్ వేస్తాడు. కాబట్టి "బాయిలర్ కోర్సు" అని బోర్డు పెట్టినవాడు ఈ నలుగురిలో ఎవరిని తయారుచేస్తున్నాడో ముందు అడిగి తెలుసుకోవాలి.

తండ్రి ఒక ప్రకటన కూడా పంపాడు, వాట్సాప్‌లో వచ్చిందట, "బాయిలర్ కోర్సు, గవర్నమెంట్ సర్టిఫికెట్". చూస్తే అది బాయిలర్ అటెండెంట్ పరీక్షకి కోచింగ్. అటెండెంట్ అంటే బాయిలర్‌ని నడిపేవాడు, గేజ్ గ్లాసులో నీటి మట్టం, ప్రెషర్, మంట చూసుకునేవాడు. దానికి 2011 నాటి రూల్స్ ఉన్నాయి, ఫస్ట్ క్లాస్, సెకండ్ క్లాస్ అని రెండు స్థాయిలు. రైస్ మిల్లులు, షుగర్ ఫ్యాక్టరీలు, ఫార్మా కంపెనీలు, అన్నిచోట్లా ఆ మనిషి కావాలి, మంచి ఉద్యోగమే, కాదనను. కానీ లారీ నడిపేవాడు వేరు, లారీ బాడీ కట్టేవాడు వేరు. ఈ తేడా తెలియక ఫీజు కట్టి, మూడో వారంలో "ఇందులో వెల్డింగ్ లేదేంటి" అని అడిగిన పిల్లలున్నారు. మావాడికి కావాల్సింది కట్టే పని, అందుకని దాన్ని అక్కడే పక్కన పెట్టేశాం.

మిగిలినవి మూడు. ఒకటి, ఇంటికి దగ్గర్లో ఒక ప్రైవేటు ఐటీఐలో ఫిట్టర్, రెండేళ్లు. రెండు, విశాఖలో ప్రభుత్వ ఐటీఐలో వెల్డర్, ఒక ఏడాది, ఉండడానికి గోపాలపట్నంలో మేనత్త ఇల్లుంది. మూడు, గాజువాక వైపు ఒక ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్‌లో మూడు నెలల "6జీ పైప్ వెల్డింగ్ విత్ గల్ఫ్ ప్లేస్‌మెంట్", ఫీజు ఎనభై వేల చిల్లర. తండ్రి మనసు మూడోదాని మీదే ఉంది. తప్పు పట్టలేం, ఇంట్లో పెద్ద సంపాదన తండ్రిదే, ఆయన మోకాలు కూడా పోయింది, మూడు నెలలు అనేది అలాంటి ఇంట్లో చాలా పెద్ద ఆకర్షణ. మూడూ చూసి వచ్చాకే మాట్లాడదాం అన్నాను.

స్క్రాప్ కుప్ప

స్కూలు చూడ్డానికి వెళ్తే ఆఫీసు రూములో కూర్చోబెట్టి టీ ఇస్తారు, గోడ మీద ఫోటోలు చూపిస్తారు. నేను నేరుగా వర్క్‌షాపు వెనక్కి వెళ్లి స్క్రాప్ కుప్ప చూస్తాను. ఆ స్కూల్లో పిల్లలు నిజంగా ఏం చేస్తున్నారో ఆ కుప్పే చెప్తుంది. అందులో పైపు ముక్కలున్నాయా, ప్లేటు ముక్కలేనా? పైపులుంటే ఏ సైజు? జాయింట్లు నిలువునా కోసి, వంచి చూసిన ముక్కలున్నాయా, లేక వేసింది వేసినట్టే పడేశారా? వంచిన ముక్కలు ఉంటే అక్కడ ఎవరో ఒక మాస్టారు రూట్ (జాయింట్ అడుగున పడే మొదటి పొర) పగిలిందా లేదా అని పట్టించుకుంటున్నాడని అర్థం. రాడ్డు చివరలు కూడా చూస్తాను. సగం కాల్చి పడేసిన రాడ్లు ఎక్కువుంటే పిల్లలకి ఆర్క్ నిలబెట్టడమే ఇంకా రాలేదని, మరీ గోళ్ల దాకా కాల్చిన ముక్కలే ఉంటే రాడ్లకి కరువని.

గాజువాక ఇన్‌స్టిట్యూట్‌లో కుప్ప పెద్దదే, అది వాళ్లకి మంచి మార్కే. కానీ పైపు ముక్కలన్నీ ఆరంగుళాలవే. ఇక్కడే అసలు కిటుకు ఉంది, దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి.

6జీ అంటే పైపుని 45 డిగ్రీల వాలులో బిగించి, దాన్ని తిప్పకుండా, వెల్డరే చుట్టూ తిరిగి జాయింట్ వేయడం. అది పాసైతే అన్ని పొజిషన్లకీ పనికొస్తాడని లెక్క, అందుకే ఆ పేరుకి అంత గిరాకీ. నిజమే, కానీ పొజిషన్ ఒక్కటే కాదు, పైపు వ్యాసం కూడా లెక్కలోకి వస్తుంది. ఏఎస్‌ఎమ్‌ఈ సెక్షన్ 9 (వెల్డర్ల అర్హతకి అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం రాసిన కోడ్) ప్రకారం 73 మిల్లీమీటర్లు, ఆపైన వ్యాసం ఉన్న పైపు మీద టెస్టు ఇచ్చినవాడు 73, ఆపై సైజులకే అర్హుడు. అంతకన్నా సన్నవాటికి కాదు. 25 నుంచి 73 మధ్య సైజు మీద ఇస్తే 25 దాకా కిందికి, పైకి ఎంతైనా చెల్లుతుంది. ఇప్పుడు బాయిలర్ లోపల ఏముంటుందో చూడండి: వాటర్ వాల్, ఎకనమైజర్, సూపర్ హీటర్ కాయిల్స్, అన్నీ 44.5, 51, 63.5 మిల్లీమీటర్ల లాంటి సన్న ట్యూబులే. ఆరంగుళాల పైపు మీద మూడు నెలలు చెయ్యి తిప్పినవాడు రిఫైనరీ పైపింగ్‌కి పనికిరావచ్చు, బాయిలర్ కాయిల్ ముందు నిలబెడితే అర్హతే లేదు. చేతికీ అలవాటు లేదు. సన్న ట్యూబు మీద వంపు త్వరగా తిరిగిపోతుంది, టార్చి కోణం క్షణక్షణం మారాలి, వేడి పక్కకి పోయే చోటు తక్కువ కాబట్టి రూట్ ఇట్టే కారిపోతుంది.

ఇంకో సంగతి ప్రాసెస్. ఆర్క్‌లో పాసైతే ఆర్క్‌కే, ఆర్గాన్ (మనవాళ్లు టిగ్‌ని ఆర్గాన్ అనే అంటారు) విడిగా పాసవ్వాలి. ప్రెషర్ పార్ట్స్‌లో రూట్ ఆర్గాన్‌తోనే పడుతుంది. ఆ ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్గాన్ సెట్ ఒక్కటి ఉంది, సిలిండర్ గేజ్ సున్నా మీద ఉంది, "రేపు రీఫిల్ వస్తుంది సార్" అన్నారు. మిగతావి ఎక్కువగా ఏసీ ట్రాన్స్‌ఫార్మర్లు, ఉక్కుకి ఆర్గాన్ రూట్ వేయాలంటే డీసీ కావాలి. రాడ్లు దాదాపు అన్నీ 6013, అది గేట్లకీ గ్రిల్స్‌కీ బాగుంటుంది, చవక, ఆర్క్ తేలిగ్గా అంటుకుంటుంది. బాయిలర్ పనికి వాడే 7018 అనేది లో-హైడ్రోజన్ (హైడ్రోజన్ తక్కువుండే) రాడ్డు, వాడేముందు ఓవెన్‌లో బేక్ చేయాలి, తేమ పట్టిందంటే జాయింట్‌లో పోరాసిటీ (బుడగల కన్నాలు), తర్వాత పగుళ్లు. బేకింగ్ ఓవెన్ ఉందా అని అడిగితే ఉంది అని చూపించారు, తెరిస్తే లోపల రెండు టిఫిన్ బాక్సులు. నవ్వొచ్చింది గానీ సమాధానం మాత్రం దొరికింది.

గల్ఫ్ ప్లేస్‌మెంట్ గురించి తండ్రి ఎదురుగానే అడిగాను: మీకు రిక్రూటింగ్ ఏజెంట్ లైసెన్సు ఉందా? "మాకు టైఅప్ ఉంది సార్." ఎవరితో అంటే పేరు చెప్పలేదు. విదేశాలకి మనుషుల్ని పంపాలంటే కేంద్ర విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టర్ అయిన ఏజెంటే పంపాలి, ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ జాబితా ఎవరైనా చూడొచ్చు, వాళ్లు తీసుకోగలిగిన సర్వీస్ ఛార్జీకి ముప్ఫై వేలు, పైన జీఎస్‌టీ అని పరిమితి కూడా ఉంది. పైగా మావాడికి పద్దెనిమిది కూడా నిండలేదు. నేర్పే ఫీజులో ఉద్యోగం ఫీజు కలిపి చెప్పే చోట రెండిట్లో ఏదో ఒకటి ఉత్తిదే అనుకోవడం క్షేమం, చాలాసార్లు రెండూ.

వాళ్లిచ్చే కాగితం సంగతి కూడా. "6జీ సర్టిఫికెట్ ఇస్తాం" అంటారు, ఇస్తారు కూడా, రంగుల్లో, హోలోగ్రామ్‌తో. కానీ మన దేశంలో బాయిలర్ మీద జాయింట్ వేయాలంటే కావాల్సింది ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్, అంటే 1950 నాటి ఐబీఆర్ ప్రకారం టెస్టు పాసై, రాష్ట్ర బాయిలర్ల శాఖ ఇచ్చే వెల్డర్ సర్టిఫికెట్. 1923 నాటి పాత చట్టం పోయి 2025లో కొత్త బాయిలర్ల చట్టం వచ్చింది గానీ వెల్డర్‌కి ఈ టెస్టు తప్పలేదు. ఏ ఇన్‌స్టిట్యూట్ కాగితమూ దాని బదులు చెల్లదు. ఇన్‌స్టిట్యూట్ కాగితంతో సైటుకి వచ్చినవాడిని కూడా మేం మళ్లీ టెస్ట్ స్టాండు దగ్గరికే పంపుతాం.

ప్రైవేటు ఐటీఐ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎన్‌సీవీటీ పోర్టల్‌లో (ఐటీఐల గుర్తింపు చూసుకునే ప్రభుత్వ వెబ్‌సైటు) దాని పేరు కొడితే ఫిట్టర్‌కి అఫిలియేషన్ ఉంది, అంతవరకు నిజమే. వర్క్‌షాపులో వైసులు వరసగా ఉన్నాయి, దవడల మీద పెయింటు కూడా చెక్కుచెదరలేదు. "అటెండెన్స్ గురించి టెన్షన్ పడకండి, మేం చూసుకుంటాం" అని వాళ్లే ముందుగా చెప్పారు. కాలేజీకి రాకుండా కాగితం కావాల్సిన వాళ్లకి అది మంచి చోటు. మావాడికి కావాల్సింది చేతికి పని.

ఫిట్టరా, వెల్డరా

ప్రభుత్వ ఐటీఐ ఖాయం అనుకున్నాక కూడా ఈ ప్రశ్న మిగిలింది, నిజానికి మేం ఎక్కువ వాదించుకున్నది దీని మీదే. ఎవరైనా నన్ను ఖాళీగా అడిగితే ఫిట్టర్ అనే చెప్తాను. రెండేళ్లలో డ్రాయింగ్ చదవడం, మార్కింగ్, ఫైలింగ్, కొలత, ఇవి ఒంటబడతాయి. తర్వాత వెల్డింగ్ నేర్చుకుంటే ఫిట్-అప్ (ముక్కల్ని గ్యాప్ పెట్టి లైన్లోకి తేవడం) తెలిసిన వెల్డర్ అవుతాడు, సైట్లో అలాంటివాడి విలువే వేరు, జాయింట్ చెడిపోయేది చాలాసార్లు వెల్డర్ చేతిలో కాదు, అంతకుముందే గ్యాప్ ఒకవైపు రెండు, ఇంకోవైపు నాలుగు మిల్లీమీటర్లు పెట్టిన ఫిట్టర్ చేతిలో. వెల్డర్‌గా మొదలుపెట్టినవాడు ఫిట్టింగ్ వైపు రావడం అరుదు, ఎందుకంటే వెల్డింగ్‌లో డబ్బు ముందే కనిపిస్తుంది.

కానీ ఈ ఇంటి పరిస్థితి వేరు. రెండేళ్ల ఐటీఐ, దానిపైన అప్రెంటిస్‌షిప్ అంటే మూడేళ్లు, అన్నాళ్లు ఇల్లు నడవదు. తల్లి జీడిపిక్కల పనికి వెళ్తోంది, అదొక్కటే రాబడి. అందుకని ఒక ఏడాది వెల్డర్, తర్వాత అప్రెంటిస్‌షిప్ మాత్రం తప్పకుండా ట్యూబులూ ప్లేట్లూ కలిపే హెవీ ఫ్యాబ్రికేషన్ షాపులోనే అని ఒప్పందం. అంటే ఫిట్-అప్ భాగం అక్కడ సంపాదించుకోవాలి. అప్రెంటిస్‌కి స్టైపెండ్ వస్తుంది కాబట్టి ఇంటికి రెండో ఏడాదినుంచే ఎంతో కొంత చేరుతుంది. తండ్రి ఒప్పుకున్నాడు, పూర్తిగా ఇష్టంతో కాదు.

చేర్చేముందు ఇంకో రెండు చూశాం, వీటిని ఎవరూ అడగరు. కళ్లు: దగ్గర చూపు సరిగా లేకపోతే చీకటి గ్లాసు వెనక కరిగిన లోహపు అంచు కనపడదు, కంటి డాక్టరు దగ్గరికి పంపించాం, బాగానే ఉంది. ఎత్తు: 500 మెగావాట్ల బాయిలర్ నేలమీద కూర్చోదు, వేడికి కిందికి సాగడానికి వీలుగా పై స్ట్రక్చర్ నుంచి వేలాడదీస్తారు, ఆ పైకి వెళ్లడమంటే పాతిక అంతస్తుల మేడ ఎక్కడమే. కొబ్బరిచెట్లు ఎక్కే అలవాటున్నవాడు కాబట్టి దానికి భయం లేదన్నాడు.

ప్రభుత్వ ఐటీఐలో ఏం బాగుంది, ఏం బాగోలేదు

2022 సిలబస్ ప్రకారం వెల్డర్ ట్రేడుకి ఏడాదికి 1,200 గంటలు, అందులో ప్రాక్టికల్ 840. వినడానికి చాలా. కానీ ఆ 840లోనే గ్యాస్ వెల్డింగ్, గ్యాస్ కటింగ్, ఆర్క్, మిగ్, టిగ్, బ్రేజింగ్, అన్నీ ఇమడాలి. ఒక్కో మెషిన్ దగ్గర ముగ్గురు నలుగురు వంతులేసుకుంటే ఒక్కొక్కడి చేతిలో హోల్డర్ ఉండే సమయం ఎంతో లెక్క వేసుకోండి. పైపు మీద సమయం ఇంకా తక్కువ. దీన్ని ముందే తెలుసుకుని చేరాలి, ఐటీఐ అయిపోగానే హెచ్‌పీ వెల్డర్ అయిపోతాడని ఎవరైనా అంటే నమ్మొద్దు.

అక్కడ మాకు కలిసొచ్చింది మాస్టారు. షిప్‌యార్డ్ పని చేసొచ్చిన మనిషి, జాయింట్ చూసి బాగుంది, బాలేదు అనడంతో ఆపడు, హ్యాక్సా ఇచ్చి కోయించి, వైసులో పెట్టి వంచమంటాడు. సంక్రాంతి దాటాక రాడ్లు అయిపోయాయి, ఇది చాలా ప్రభుత్వ ఐటీఐల్లో జరిగేదే, కొత్త ఇండెంట్ వచ్చేదాకా పిల్లలు ఖాళీగా కూర్చుంటారు. ఆ రోజుల్లో ఆయన ఖాళీగా ఉంచకుండా గ్యాస్ కటింగ్, పైపు బ్రాంచి డెవలప్‌మెంట్ చేయించాడు, అంటే కాగితం మీద టెంప్లేట్ గీసి పైపుకి చుట్టి గీత పెట్టి, ఒక పైపు ఇంకో పైపు మీద కూర్చునేలా కోయడం. అది పరీక్షలో మార్కులు తెచ్చే పని కాదు, కానీ బాయిలర్ కట్టే పనిలో సగం ఇదే. కుర్రాడు ఫోన్ చేసి "మావయ్యా, ఇక్కడ వెల్డింగ్ నేర్పకుండా కాగితాలు కత్తిరిస్తున్నారు" అని గోల పెట్టాడు. కత్తిరించరా అన్నాను.

హైదరాబాద్ వైపు నుంచి అడిగేవాళ్లకి ఒక మాట ఇక్కడే చెప్తాను. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024 జూన్‌లో మల్లేపల్లిలో శంకుస్థాపన జరిగింది. రోబోటిక్స్, సీఎన్‌సీ, ఎలక్ట్రిక్ వాహనాల లాంటి కోర్సులు అవి. మంచివే. కానీ కొత్త మెషిన్లు మెరుస్తున్నాయని బాయిలర్ పని కావాల్సిన పిల్లాడిని అందులో వేస్తే ఆ దారి వేరే ఊరికి పోతుంది. అదే క్యాంపస్‌లో పాత వెల్డర్, ఫిట్టర్ షెడ్డు ఎలా ఉందో చూడాలి.

అప్రెంటిస్‌షిప్

2023లో ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తులు పెట్టించాం. విశాఖ చుట్టుపక్కల హెవీ ఫ్యాబ్రికేషన్‌కి చరిత్ర ఉంది. 1966లో పెట్టిన భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసెల్స్, అదే 2013లో బీహెచ్ఈఎల్‌లో కలిసి హెచ్‌పీవీపీ అయింది, అది ఉండబట్టే ఆ చుట్టూ ప్లేటు రోలింగ్, వెసెల్ పనులు తెలిసిన చిన్న షాపులు చాలా పుట్టాయి. మావాడికి దొరికింది అలాంటి ఒక ప్రైవేటు షాపు, హీట్ ఎక్స్ఛేంజర్లు, చిన్న బాయిలర్లు కడతారు. అదే సమయంలో ఒక పెద్ద ప్లాంటు మెయింటెనెన్స్ విభాగంలోనూ పిలుపు వచ్చింది, పేరు పెద్దది, క్యాంటీన్ ఉంది, స్టైపెండ్ కొంచెం ఎక్కువ. ఇంట్లో అందరూ అటే మొగ్గారు. నేను చిన్న షాపే అన్నాను, కారణం ఒక్కటే: పెద్ద ప్లాంటులో అప్రెంటిస్ చేతికి ప్రెషర్ జాయింట్ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా, ఏడాదంతా హ్యాండ్‌రెయిళ్లు, సపోర్టులు, గ్రేటింగ్‌లతో గడిచిపోతుంది. చిన్న షాపులో మనుషులు తక్కువ కాబట్టి అన్నింటికీ చెయ్యి పెట్టాల్సిందే.

అక్కడ మొదటి నెలలు వాడికి హోల్డరే ఇవ్వలేదు. ఫిట్-అప్ బే. ప్లేటు రోల్ చేసి షెల్ చేయడం, సీమ్ కలపడం, నాజిల్ కన్నం మార్క్ చేయడం, ట్యూబ్ ప్లేట్‌లో ట్యూబులు పెట్టి ఎక్స్‌పాండర్‌తో బిగించడం. ఎక్స్‌పాండింగ్ మీద కొంచెం చెప్పాలి, స్కూళ్లలో ఇది దాదాపు కనపడదు. ట్యూబు చివర్ని లోపల్నుంచి రోలర్లతో వ్యాకోచింపజేసి కన్నానికి అదిమేస్తారు, తక్కువ తిప్పితే హైడ్రో టెస్టులో (నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి చూసే పరీక్ష) కారుతుంది, ఎక్కువ తిప్పితే ట్యూబు గోడ పలచబడి, పక్క కన్నం కూడా సాగి, బాగున్నది కూడా పాడవుతుంది. ఎంత తిప్పాలో లెక్క ఉంది, ఆ లెక్కని చెయ్యి గుర్తుపట్టాలి. ఆ షాపులో దీన్ని నేర్పిన ముసలాయన స్కూలు గడప తొక్కినవాడు కాదు. హైడ్రో రోజున పంపు కొడుతుంటే ఏ ట్యూబు దగ్గర చెమటలా నీరు పుడుతుందో ముందే చూపించేవాడట.

ఏడాది చివర్లో పరీక్ష రాసి నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. అప్పటికి ఫిట్-అప్ వచ్చు, ఆర్క్ బాగా వచ్చు, ఆర్గాన్ మాత్రం అంతంతే.

జాయింట్ల లెక్కన ఫీజు

ఇప్పుడొచ్చింది నాకు నచ్చిన భాగం. ట్రిచీలో బీహెచ్ఈఎల్ వాళ్ల వెల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, 1975 నుంచీ, దేశంలో ఈ పనికి అంతకన్నా పేరున్న చోటు నాకు తెలియదు. కానీ ఆ డబ్బు, ఆ అవకాశం మొదటి ఆర్గాన్ రూట్ నేర్చుకోవడం మీద పెట్టడం దండగ, చెయ్యి కుదిరాక అల్లాయ్ స్టీల్‌కి వెళ్లాలి అని నా లెక్క. అందుకని ఒక రిటైరైన హెచ్‌పీ వెల్డర్ షెడ్డుకి పంపాను. బోర్డు లేదు, సర్టిఫికెట్ ఇవ్వడు. ఆయన ఫీజు నెలల లెక్కన కాదు, జాయింట్ల లెక్కన. 44.5 ట్యూబు ముక్కలు, ఆర్గాన్, వైరు అన్నీ కలిపి ఒక్కో జాయింట్‌కి ఇంత. ఎన్ని వేస్తే అన్ని కట్టాలి, ప్రతిదాన్నీ కోసి లోపల చూపించాలి. స్కూళ్లన్నీ ఇలా చెప్పగలిగితే తల్లిదండ్రులకి పోల్చుకోవడం ఎంత తేలికయ్యేదో.

ఇంకోటి, ఆయన ట్యూబుని ఒంటరిగా బిగించడు. రెండువైపులా ఉత్త ట్యూబులు నిలబెడతాడు, నిజం కాయిల్‌లో పక్క ట్యూబు ఎంత దగ్గరుంటుందో అంత దగ్గరగా. టార్చి పట్టదు, తల పట్టదు, వెనకవైపు అద్దంలో చూసి వేయాలి. టెస్టులో ట్యూబు ఒంటరిగానే ఉంటుంది, పాసైపోతారు, సైట్లో కాయిల్ మధ్యకి వెళ్లగానే రిపేర్లు మొదలవుతాయి, దానికి మందు ఇదే. ఏ స్కూలుకి వెళ్లినా ఈ ఒక్క ప్రశ్న అడగండి: పక్క ట్యూబులు పెట్టి నేర్పుతారా?

ఐబీఆర్ టెస్టుకి 2025లో ఒక కాంట్రాక్టరు ద్వారా పేరు వెళ్లింది. మొదటిసారి ఫెయిల్. ఎక్స్‌రేలో కింద ఆరు గంటల పొజిషన్ దగ్గర రూట్ లోపలికి గుంట పడింది, సక్-బ్యాక్ అంటారు. అక్కడ వెల్డర్ కిందినుంచి పైకి వేస్తాడు, కరిగిన లోహం బరువుకి కిందికి, అంటే వెల్డర్ వైపుకి దిగుతుంది, ట్యూబు లోపలి వైపు ఖాళీ పడుతుంది. టెన్షన్‌లో కరెంటు ఎక్కువ పెట్టుకున్నాడు, గ్యాప్ కూడా కింద కాస్త వెడల్పయింది. మళ్లీ ఆ షెడ్డుకే వెళ్లి, కింది భాగంలో వైరుని గ్యాప్ గుండా ట్యూబు లోపలివైపు నుంచి ఇవ్వడం అలవాటు చేసుకున్నాడు, తర్వాతిసారి పాసయ్యాడు. ఫిల్మ్‌లో ఆ చోటు చూశాను, శుభ్రంగా ఉంది. తండ్రి ఫెయిల్ కబురుకి కుంగిపోయాడు గానీ, నాకు తెలిసిన మంచి హెచ్‌పీ వెల్డర్లలో మొదటిసారే పాసైనవాళ్లు తక్కువే.

లెక్క చూస్తే, మూడు నెలల్లో అవుతుందన్నది మూడేళ్లు పట్టింది. ఐటీఐ ఫీజు, మేనత్త ఇంటికి ఇచ్చిన ఖర్చు, షెడ్డు జాయింట్లు, టెస్టు ఖర్చు అన్నీ కలిపినా గాజువాక ఇన్‌స్టిట్యూట్ అడిగిన ఎనభై వేల దగ్గరికి రాలేదు, మధ్యలో స్టైపెండ్ వచ్చింది అదనం. ఫిట్టర్‌లో వేయలేదే అన్న వెలితి నాకు ఇంకా ఉంది. డ్రాయింగ్ చదవడంలో వాడు ఇప్పటికీ పక్కవాడిని అడుగుతాడు.

ఆస్ట్రేలియా గురించి కూడా తండ్రి అడుగుతున్నాడు, ఎవరో చెప్పారట. అక్కడ బాయిలర్‌మేకర్‌ని వీసా జాబితాలో మెటల్ ఫ్యాబ్రికేటర్ కింద చూస్తారు, ప్రెషర్ వెల్డర్ విడిగా ఉంది, రెండిటికీ ట్రేడ్స్ రికగ్నిషన్ ఆస్ట్రేలియా అనే సంస్థ నైపుణ్యం లెక్కగడుతుంది. వాళ్లు చూసేది ఐటీఐ కాగితంతో పాటు రుజువున్న పని అనుభవం. కాబట్టి ప్రతి సైటు నుంచీ ఎక్స్‌పీరియన్స్ లెటరు, జీతం జమైన బ్యాంకు స్టేట్‌మెంటు దాచుకోమని చెప్పాను. కాంట్రాక్టు వెల్డర్లలో చాలామంది చేతికి నగదు తీసుకుని, కాగితం అడగరు.

ప్రస్తుతం వాడు ఒక థర్మల్ స్టేషన్ ఓవర్‌హాల్‌లో ఎకనమైజర్ కాయిల్స్ మీద ఉన్నాడు, కార్బన్ స్టీల్ ట్యూబులు. తర్వాతి మెట్టు టీ22, టీ91 లాంటి అల్లాయ్ ట్యూబులు. టీ91కి ముందు 200 డిగ్రీలకు పైగా వేడి చేయాలి, లోపల ఆర్గాన్ నింపి రూట్ వేయాలి, తర్వాత 750 డిగ్రీల పైన స్ట్రెస్ రిలీవింగ్ (జాయింట్‌లో బిగువు పోయేలా వేడి చేయడం), ఇది షెడ్డులో నేర్చుకునేది కాదు, దీనికి ట్రిచీ వెళ్లాల్సిందే. యూనిట్లని ఎక్కువగా వానాకాలంలో ఓవర్‌హాల్‌కి ఆపుతారు, ఎండాకాలంలో కరెంటు గిరాకీకి అన్నీ నడవాలి కాబట్టి ఆ నెలల్లో మాకు పని పలచబడుతుంది. అందుకే మార్చి తర్వాతి బ్యాచ్‌కి దరఖాస్తు పెట్టుకోమన్నాను, ఆ ఫీజు మాత్రం ఈసారి వాడి సంపాదనలోంచే.